ఈసారి పోటీ పెట్టడం లేదండీ



గత నెల పేరెంట్-టీచర్ మీటింగులో ఒక తండ్రిగారు నన్ను పక్కకు పిలిచి అడిగారు. "మేడమ్, మా వాడు రోజూ పొద్దున్నే నా ఫోన్ పట్టుకుని పెరట్లోకి పోతున్నాడు. పిట్టల ఫోటోలట. రాత్రయితే చెప్పుల డబ్బా అట్టకు ఊలు చుట్టుకుంటూ కూర్చుంటున్నాడు. మీరే చెప్పారట కదా. దీనికి మార్కులేమైనా ఉన్నాయా?" లేవన్నాను. "పోనీ, సర్టిఫికెట్?" అదీ లేదన్నాను. "మరెందుకండీ?" అన్నారు. ఆయన గొంతులో వెటకారమేమీ లేదు. ఫీజు కట్టే మనిషి అడగవలసిన ప్రశ్నే అది. పైగా వచ్చే నెలలో పరీక్షలు. ఆయన వెనక ఇంకో పదిమంది వరసలో నిలబడి ఉన్నారు, నేను ఏదో నసిగి పంపించేశాను. ఆ జవాబు ఇప్పుడు చెబుదామని ఈ నెల ఈ పేజీ అడిగి తీసుకున్నాను. ఇది అరకులోని మన బ్రాంచి సంగతే అయినా, మిగతా ఊళ్ల తల్లిదండ్రులకూ పనికొస్తుందనుకుంటున్నాను.

ముందుగా నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

నిరుడు సెప్టెంబరులో ఆరు, ఏడు తరగతుల స్పోకెన్ ఇంగ్లిష్ పీరియడ్లో ఒక చిన్న పని మొదలుపెట్టాను. మన పిల్లలకు ఇంగ్లిష్ మాటలు బాగానే వచ్చు. చెప్పడానికి సంగతే ఉండదు. "మై హాబీ ఈజ్ ప్లేయింగ్ క్రికెట్" దగ్గర బండి ఆగిపోతుంది. అందుకని ఇంటి చుట్టుపక్కల కనిపించిన ప్రాణి ఏదైనా సరే ఒక ఫోటో తీసి తెచ్చి, దాని గురించి మూడు వాక్యాలు చెప్పమన్నాను. వానకు గ్రౌండు చిత్తడైపోయి ఆటలకు పంపలేని రోజుల్లో అట్టముక్క మీద ఊలుతో నేయడం నేర్పాను. అదీ నేను కొత్తగా కనిపెట్టిందేమీ కాదు, బీఈడీలో క్రాఫ్టు కింద మాకు నేర్పినదే.

మొదటి మూడు వారాలు ఎంత బాగా గడిచాయో చెప్పలేను. బావి గట్టు మీద తొండ వచ్చింది. తలుపు మూల సాలీడు వచ్చింది. జామచెట్టు మీది ఉడుతకు తోక మాత్రమే వచ్చింది. ఒకమ్మాయి ఆకులు తప్ప ఏమీ లేని ఫోటో చూపించి, "దేర్ వజ్ ఎ బర్డ్ హియర్ మిస్, ఇట్ వెంట్" అంది. క్లాసంతా నవ్వింది, ఆ పిల్లా నవ్వింది. నేను పాఠం చెప్పడం మొదలుపెట్టాక క్లాసులో విన్న ఇంగ్లిష్ వాక్యాల్లో నాకు బాగా నచ్చింది అదే.

ఇంత బాగుంది కదా అని డిసెంబరులో పోటీ పెట్టాను. ఎవరూ చెప్పలేదు, నా అంతట నేనే పెట్టాను. ఫోటోలకు మూడు బహుమతులు, నేతకు మూడు, పాల్గొన్న ప్రతివారికీ సర్టిఫికెట్. ఇక చూడండి. మా అరకు పెరళ్లలోకి ఒక్కసారిగా హార్న్‌బిల్ పక్షులు, పులులు, అమెరికా గద్దలు దిగిపోయాయి. ఒక ఫోటో మూలన ఎవరో ఫోటోగ్రాఫర్ పేరు కూడా అలాగే ఉంది. ఊలు నేత ముక్కలు అంచు చెదరకుండా, ముడి కనపడకుండా వచ్చాయి. ఒక తల్లి తర్వాత నవ్వుతూ చెప్పారు, రాత్రి పదకొండు దాకా కూర్చుని తానే పూర్తి చేశానని. నేను ఆవిణ్ణి తప్పుపట్టను. పోటీ అన్నాక ఏ తల్లి ఊరుకుంటుంది? సొంతంగా తీసిన మసక ఫోటోలు ఉన్న పిల్లలు మాత్రం వాటిని బ్యాగులోంచి బయటికే తీయలేదు. "బాగా రాలేదు మిస్" అన్నారు. జనవరిలో బహుమతులిచ్చాం, ఫోటోలు దిగాం. ఫిబ్రవరికి ఒక్కరు కూడా పిట్ట గురించి మాట్లాడలేదు.

విచిత్రం ఏమిటంటే, ఇలా జరుగుతుందని నేను ముందే చదువుకున్నాను. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను కూడా. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలో ఒక నర్సరీ బడిలో చేసిన ప్రయోగం అది. రంగు పెన్నులతో బొమ్మలు వేయడమంటే ఇష్టపడే పిల్లలనే ఎంచుకున్నారు. కొందరికి "బొమ్మ వేస్తే బంగారు చుక్క, రిబ్బను ఉన్న సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే చెప్పారు. కొందరికి ఏమీ చెప్పకుండా చివర్లో అదే సర్టిఫికెట్ ఇచ్చారు. మిగతావారికి ఏమీ ఇవ్వలేదు. కొన్నాళ్లు పోయాక ఆ పెన్నులే మళ్లీ క్లాసులో పెట్టి చూస్తే, ముందే ఆశ పెట్టిన పిల్లలు బొమ్మలు వేసుకునే సమయం మిగతావారితో పోలిస్తే సగానికి పడిపోయింది. ఊరికే చేసినవాళ్లు అలాగే చేస్తున్నారు. చెప్పకుండా బహుమతి అందుకున్నవాళ్లూ తగ్గలేదు. దీన్ని పదిమార్కుల ప్రశ్నగా బట్టీపట్టిన నేను, సొంత క్లాసుకు వచ్చేసరికి సర్టిఫికెట్లు అచ్చువేయించాను.

రెండో తప్పు ఇంకాస్త పెద్దది. ఆరో తరగతిలో ఒక అబ్బాయి ఉండేవాడు. మాట తక్కువ, ఇంగ్లిష్ ఇంకా తక్కువ. వాళ్ల ఊరు ఇక్కడికి ఐదారు కిలోమీటర్లు పైకి వెళ్లాలి. వాళ్ల నాన్నగారు కాఫీ, మిరియాలు అమ్మిన డబ్బుతో ఫీజు కడతారు. వాడు తెచ్చిన ఫోటోలో నెత్తిన నల్లటి తురాయి, చెంపన ఎర్రబొట్టు ఉన్న పిగిలిపిట్ట ఉంది. అది ఏ చెట్టు మీద ఎన్ని గంటలకు వస్తుందో, ఏ పండు తింటుందో, గూడు ఎంత కిందుగా కడుతుందో వాడికి తెలుసు. ఉండేలు పట్టుకుని తిరిగిన పిల్లవాడు మరి. ఆ పిట్ట పేరు అడిగితే వాళ్ల నానమ్మ పిలిచే పేరు చెప్పాడు. "ఇంగ్లిష్‌లో చెప్పు" అన్నాను. వాడు కూర్చున్నాడు. ఆ ఏడాది మళ్లీ లేచి ఒక్క ఫోటో చూపించలేదు.

నేను చెప్పిన మాటలో నిజానికి తప్పేముంది? అది ఇంగ్లిష్ పీరియడ్. మీరు మమ్మల్ని నమ్మి పిల్లల్ని పంపేది ఇంగ్లిష్ కోసమే. కానీ అన్నీ తెలిసిన పిల్లవాణ్ణి ఒక్క మాటతో ఏమీ తెలియనివాణ్ణి చేసేశాను. ఆ పిట్టకు ఇంగ్లిష్‌లో రెడ్-విస్కర్డ్ బుల్‌బుల్ అంటారని ఆ తర్వాత నేనే వెతుక్కుని నేర్చుకోవలసి వచ్చింది.

ఈ కొండల్లో కళ్లు తెరిచి చూసేవాళ్లకు ఎంత దొరుకుతుందో మనలో చాలామందికి తెలియదు. విశాఖ నుంచి ఘాట్ రోడ్డెక్కి వచ్చే టూరిస్టులు బొర్రా గుహలు, వలిసె పూలు, బొంగులో చికెన్ చూసుకుని సాయంత్రానికి దిగిపోతారు. ఇక్కడి కాఫీ తోటలు మాత్రం ఎండలో పెంచేవి కావు. సిల్వర్ ఓక్, పనస వంటి పెద్ద చెట్ల నీడన పెరుగుతాయి, ఆ చెట్లకు మిరియాల తీగలు పాకుతాయి. మన అరబికా కాఫీకి 2019లో వచ్చిన భౌగోళిక గుర్తింపు గురించి పిల్లలు జీకేలో చదువుతారు. ఆ నీడే పిట్టలకు ఇల్లు అని ఏ జీకే పుస్తకంలోనూ ఉండదు. చలికాలానికి ముందే హిమాలయాల వైపు నుంచి వాగ్‌టెయిల్ అనే సన్నటి పిట్టలు మన గెడ్డల దగ్గరకు వచ్చేస్తాయి. ఆగకుండా తోక పైకీ కిందికీ ఆడిస్తూ ఉంటాయి కాబట్టి మొదటిసారి చూసినవాళ్లు కూడా గుర్తుపట్టవచ్చు.

మన తూర్పు కనుమల్లో ఆబట్స్ బాబ్లర్ అనే చిన్న గోధుమరంగు పిట్ట ఉంది. దాని బంధువులంతా ఈశాన్య రాష్ట్రాల్లో, ఆ పైన ఆగ్నేయాసియా దేశాల్లో ఉంటారు. ఇది మాత్రం వాళ్లందరికీ దూరంగా ఈ కొండల్లో ఉండిపోయింది. 1985లో శాస్త్రవేత్తలు రిప్లీ, బీలర్ దీన్ని వేరే ఉపజాతిగా గుర్తించి పెట్టిన పేరు 'కృష్ణరాజుయి'. విశాఖపట్నంలో ఉంటూ ఈ కొండల పక్షులను ఏళ్ల తరబడి పరిశీలించిన కె.ఎస్.ఆర్. కృష్ణరాజు గారి పేరు అది. చూడటానికి ఏ అందమూ లేని పిట్ట. దాన్ని చూసి ముచ్చటపడిన మనిషి మన జిల్లాలవాడు. ఈ సంగతి చెప్పినప్పుడు పిల్లలు "ఆయనకు ఎంత ప్రైజ్ మనీ ఇచ్చారు మిస్?" అని అడిగారు. మనం పెంచిన పిల్లలే కదా.

ఇక నేత సంగతి. పిట్టలకూ ఊలుకూ ఏమిటి సంబంధం అని మీకు అనిపించవచ్చు. గిజిగాడి గూడు ఒక్కసారి దగ్గరగా చూడండి. వానాకాలంలో మగపిట్ట వరి ఆకునో, గడ్డి ఆకునో ముక్కుతో గాటుపెట్టి, దాని కొస పట్టుకుని ఎగిరి, నిలువునా పోగు చీల్చుకుంటుంది. ఆ పోగుతో కొమ్మకు ముడి వేసి, ఒక వలయం అల్లి, దాని చుట్టూ బుర్ర కట్టి సగంలో ఆపుతుంది. అప్పుడు ఆడపిట్టలు వచ్చి చూసి వెళతాయి. నచ్చితేనే మిగతా గూడు, కిందికి వేలాడే గొట్టం పూర్తవుతాయి. 1930లో సలీం అలీకి ఉద్యోగం లేదు. బొంబాయి దగ్గర కిహిం అనే ఊళ్లో అత్తవారి ఇంట ఉంటూ, ఆ ఇంటి దగ్గరి గిజిగాళ్లను చూస్తూ కూర్చున్నాడు. ఒక గూడు నచ్చి ఆడపిట్ట స్థిరపడగానే మగపిట్ట పక్కనే ఇంకో గూడు మొదలుపెడుతుందని తేల్చింది అక్కడే. ఈ చివరి సంగతి పిల్లలకు ఎంతవరకు చెప్పాలో మీ ఇష్టం.

ఇప్పుడు ఆ గూళ్లు ఖాళీగా వేలాడుతున్నాయి. దయచేసి షోకేసు కోసం కోయించకండి. మునియాల వంటి చిన్న పిట్టలు పాత గూళ్లను వాడుకుంటాయి.

ఆఫ్రికాలో గిజిగాళ్ల బంధువులైన పిట్టల మీద కొలియాస్ దంపతులు 1960ల్లో పరిశోధన చేశారు. పంజరంలో పెరిగే పిల్ల మగపిట్టలకు మొదటి ఏడాది పోగులేవీ దొరక్కుండా చేస్తే, తర్వాత పోగులిచ్చినా వాటికి నేయడం సరిగా రాలేదట. చిన్నతనంలో ఉత్తినే లాగి, చుట్టి, పాడుచేసి చూసినవే పెద్దయ్యాక గూడు కట్టగలిగాయి. దీన్ని పిల్లల చదువుకు ముడిపెట్టి ఉపన్యాసం ఇవ్వాలని నాకు నోరూరింది. ఇవ్వను. కానీ ఆ పాడుచేయడం అన్న మాట మాత్రం గుర్తుంచుకోండి, నేత దగ్గర అవసరమవుతుంది.

ఎందుకంటే మీ పిల్లలు నేసే మొదటి ముక్క తప్పకుండా పాడవుతుంది. నోటుబుక్కంత అట్టకు పైనా కిందా అర సెంటీమీటరుకొక గాటు పెట్టి, గట్టి నూలుదారం నిలువుగా చుట్టాలి. అది పడుగు. గోనెసంచులు కుట్టే దబ్బనానికి ఊలు ఎక్కించి, ఒక పోగు మీదుగా, ఒక పోగు కిందుగా అడ్డంగా తీయాలి. తిరిగి వచ్చేటప్పుడు మీదిది కిందికి, కిందిది మీదికి. అది పేక. పాత దువ్వెనతో వరస వరసా కిందికి నొక్కాలి. ఇంతే. పిల్లలు ఊలు బిగించి లాగుతారు, అంచులు లోపలికి వచ్చి పదో వరసకు ముక్క నడుము సన్నబడిపోతుంది. లాగకుండా ఊలును వంతెనలా కాస్త వంపుగా వదిలి, అప్పుడు దువ్వెనతో నొక్కితే నడుము నిలబడుతుంది. ఈ ఉపాయం మీకు చెబుతున్నాను, పిల్లలకు వెంటనే చెప్పకండి. రెండు మూడు ముక్కలు పాడయ్యాక వాళ్లే పట్టుకుంటారు. పట్టుకున్నప్పటి వాళ్ల ముఖం చూడాలి మీరు.

"పడుగూ పేకలా కలిసిపోయారు" అని మనం మాట వరసకు అంటాం. క్లాసులో ఆ రెండు మాటలకు అర్థం తెలిసినవాళ్లు ఎవరూ లేరు. ఈ నేలకు నేత కొత్తది కాదు. ఈ కొండల గదబ స్త్రీలు ఒకప్పుడు చెట్టు నారను, నూలును కలిపి, ఇంటి దగ్గరే చిన్న మగ్గం మీద ఎర్రటి, నీలపు చారల 'కెరంగు' బట్ట నేసుకునేవారు. 1909లో అచ్చయిన ఎడ్గర్ థర్‌స్టన్ గ్రంథంలోనూ గదబల నారబట్ట ప్రస్తావన ఉంది. కొండ దిగి శ్రీకాకుళం వైపు వెళితే పొందూరులో సన్నఖద్దరుకు పత్తిని ఇప్పటికీ వాలుగ చేప దవడతో దువ్వుతారు. చేప పళ్లే దువ్వెన. ఇది విన్నాక మా ఏడో తరగతి పిల్లలు రెండు రోజులపాటు వేరే ఏమీ మాట్లాడలేదు. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో మగ్గం ఎరిగిన పెద్దవాళ్లు ఉంటే పిల్లల్ని వాళ్ల దగ్గర కూర్చోబెట్టండి, నాకన్నా బాగా చెబుతారు.

ఇక ఆ తండ్రిగారి ప్రశ్న. ఎందుకు? నిజం చెప్పాలంటే సలీం అలీ పేరు చెప్పి, చూడండి ఆయన ఎంత పెద్దవాడయ్యాడో అని మిమ్మల్ని ఒప్పించవచ్చు. చేతివేళ్లు కదిలితే లెక్కలు వస్తాయనీ, ఏకాగ్రత పెరుగుతుందనీ అనవచ్చు. అలా అన్న రోజు నేను మళ్లీ సర్టిఫికెట్లు అచ్చువేయించినట్టే. పొద్దున్న ఏడున్నరకు బస్సెక్కి, సాయంత్రం స్టడీ అవర్ అయ్యాక ఇల్లు చేరే పిల్లవాడి రోజులో ఎవరూ కొలవని పావుగంట ఎక్కడుందో వెతికి చూశాను. దొరకలేదు. టైంటేబుల్ వేసేవాళ్లలో నేనూ ఒకదాన్ని. ఆ పావుగంట వాడికి ఉండాలని నా కోరిక. అందులో వాడు చూసింది వాడిదిగా, నేసింది వాడిదిగా ఉండాలి.

ఫోన్ సంగతి అడుగుతారని తెలుసు. "ఫోన్ ఇవ్వొద్దని డైరీలో రాసేదీ మీరే, ఫోటో తీయమనేదీ మీరే" అని ఇప్పటికే ఇద్దరు తల్లులు అన్నారు. న్యాయమే. నెట్ ఆపేసి, పొద్దున్నే పది నిమిషాలు ఇచ్చి, తిరిగి తీసుకోండి. ఇవ్వడం ఇష్టం లేకపోతే మానేయండి. ఫోన్ లేని ఒకమ్మాయి చూసినవన్నీ పెన్సిల్‌తో గీసి, తేదీ, టైము రాసుకుంటోంది. క్లాసులో అందరికన్నా మంచి పుస్తకం ఆ పిల్లదే. విశాఖలో అపార్టుమెంట్లలో ఉండేవారికి పెరడు ఉండదు నిజమే, కానీ బాల్కనీ కుండీ దగ్గరకు తేనెపిట్ట రాదని ఎవరన్నారు? గూళ్ల దగ్గరకు మాత్రం పోనివ్వకండి, ఫ్లాష్ వేయనివ్వకండి. పొదల్లోకి, రాళ్ల కుప్పల మీదికి చెప్పులు లేకుండా వెళ్లనివ్వకండి, పాములుంటాయి. ఇంకొక మాట, మాటలు నేర్చుకుంటుందని కొండ గోరింకను పంజరంలో పెంచుతున్న ఇళ్లు ఇక్కడ కొన్ని చూశాను. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం అది నేరం.

ఈ జనవరి సెలవుల తర్వాత మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి పోటీ లేదు, గోడకు అంటించడం లేదు, వాట్సాప్ గ్రూపులో పెట్టడం లేదు. ఫోటో చూపించాలనిపించినవాళ్లు చూపిస్తారు. పిట్ట పేరు ఏ భాషలో తెలిస్తే ఆ భాషలో బోర్డు మీద రాస్తాను. ఒడియా కావచ్చు, కువి కావచ్చు, తెలుగు కావచ్చు. దాని పక్కన ఇంగ్లిష్ పేరు వెతికి రాయడం నా పని. శనివారం ఇంగ్లిష్ హోంవర్క్ ఇవ్వను, ప్రిన్సిపాల్ గారు ఒప్పుకున్నారు. పరీక్షల నెలలో కూడా ఇవ్వను. మీరు చేయవలసింది తక్కువే. ఊలు ముక్క వంకరగా ఉంటే సరిచేయకండి. ఫోటో మసకగా ఉంటే ఇంకోటి తీయమనకండి. చూపిస్తే చూడండి.

ఏడో తరగతికి వచ్చిన ఆ అబ్బాయి ఇంకా ఫోటో చూపించలేదు. కానీ పోయిన గురువారం నేను బోర్డు మీద ఒక పిట్టపేరు రాస్తుంటే వెనక బెంచీ నుంచి "దీర్ఘం ఉంది మిస్" అన్నాడు. దీర్ఘం పెట్టాను.

చివరగా, నన్ను ప్రశ్న అడిగిన తండ్రిగారికి. మీ వాడు తీసిన మూడు ఫోటోల్లోనూ ఒకే పిగిలిపిట్ట జంట ఉంది, మూడింటిలోనూ నోట్లో పుల్ల ఉంది. మీ బట్టలారేసే తీగ పక్కనున్న మందార చెట్టులో గూడు కడుతున్నట్టున్నాయి. వీలైతే ఓ నెల రోజులు ఆ చెట్టు కొమ్మలు కొట్టించకండి. తీగ కూడా ఇంకోవైపు కట్టుకుంటే మంచిది.